రైల్వే స్టేషన్లు, బస్టాండ్లలో గంజాయి తనిఖీ: పోలీసుల శిక్షణలో ఏం నేర్పాలి?

గౌతమి_లాయర్:

అందరికీ నమస్కారం. నేను కోస్తాలో ఒక జిల్లా కోర్టులో ప్రాసిక్యూషన్ వైపు పనిచేస్తున్నాను. రైల్వే పోలీసులకు, బస్టాండ్ ఔట్‌పోస్టుల సిబ్బందికి కలిపి గంజాయి, డ్రగ్స్ తనిఖీ మీద శిక్షణ పెడుతున్నారు. చట్టం క్లాసు నాకిచ్చారు. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985, సెక్షన్లు, శిక్షలు అన్నీ స్లైడ్లుగా ఉన్నాయి. అవి చదివి వినిపిస్తే రాత్రి డ్యూటీలో ప్లాట్‌ఫాం మీద నిలబడే మనిషికి ఏం ఉపయోగమో నాకు తోచడం లేదు.

సరుకు దారి మీకు తెలిసిందే. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు నుంచి, సరిహద్దు అవతల మల్కాన్‌గిరి, కోరాపుట్ నుంచి దిగుతుంది. నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖ దాకా రోడ్డు మీద వచ్చి, అక్కడ రైలో బస్సో ఎక్కి హైదరాబాద్, ముంబయి, చెన్నై, బెంగళూరు వెళ్తుంది. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అయినా ఒడిశా వైపు నుంచి రావడం ఆగలేదు, వచ్చేదంతా మన స్టేషన్ల మీదుగానే పోతోంది.

సరుకు పట్టుకోవడం మనవాళ్లకు వచ్చు. పట్టుకున్న నిమిషం నుంచి తీర్పు దాకా కేసును నిలబెట్టడం దగ్గరే తేలిపోతున్నాం. అది నేర్పాలంటే క్లాసు ఎలా నడపాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_ఖాకీ:

లాయర్ గారూ, నేను జీఆర్పీలో (రాష్ట్ర ప్రభుత్వ రైల్వే పోలీసులో) ఎస్‌ఐగా చేసి రిటైరయ్యాను. ముందు టైమ్ గురించి చెప్పండి. చిన్న స్టేషన్లలో ఎక్స్‌ప్రెస్ ఆగేది ఒకటి, రెండు నిమిషాలు. జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు. సీటు కింద బ్యాగు కనిపించింది, వాసన తగిలింది. కానిస్టేబుల్ ఏం చేస్తాడు? "ఎవరిది ఈ బ్యాగు?" అని గట్టిగా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో కేసు సగం పోయినట్టే. బ్యాగు ఎవరిదీ కాదు. యజమాని లేని సరుకు అని రాసి కేసు కడతాం. మనిషి అదే రైల్లో ముందుకు వెళ్లిపోతాడు.

బ్యాగు కనిపించాక ముట్టుకోకుండా కనిపెట్టి ఉండటం నేర్పాలి. మఫ్టీలో ఒకరు అదే బోగీలో ఎక్కి కూర్చోవాలి. దాని వైపు ఎవరు మాటిమాటికీ చూస్తున్నారు, స్టేషన్ వచ్చినప్పుడు ఎవరు దాన్ని కాలితో లోపలికి తోస్తున్నారు అన్నది గమనించి, తర్వాత వచ్చే పై స్టేషన్‌కు ఫోన్ చేయాలి. అక్కడ ఎస్‌ఐ సిబ్బందితో రెడీగా ఉండాలి. దీనికి ఈ స్టేషన్‌వాళ్లు కేసు పై స్టేషన్ లెక్కలోకి పోతుందని బాధపడకూడదు. ఇది మా డిపార్ట్‌మెంట్‌కు పెద్ద జబ్బు. కేసు ఎవరి ఖాతాలో పడుతుందన్న తగువులో మనిషి చేజారిపోవడం నేను కళ్లారా చూశాను. ట్రైనింగ్‌లో రెండు మూడు స్టేషన్ల వాళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టండి. జీఆర్పీ, ఆర్పీఎఫ్ (కేంద్రం కింది రైల్వే రక్షక దళం) వాళ్లను కూడా.

గౌతమి_లాయర్:

ఇది చాలా ముఖ్యం సార్. చట్టం కూడా మీ మాటకే బలమిస్తుంది. సోదా, స్వాధీనం చేసే అధికారం కానిస్టేబుల్ కన్నా పై ర్యాంకు వాళ్లకే అని సెక్షన్ 42లోనే ఉంది. కానిస్టేబుల్ పని కనిపెట్టడం, మనిషి కదలకుండా చూడటం, అధికారిని పిలవడం. అత్యుత్సాహంతో తనే జిప్పు తీసేస్తే ఆ తర్వాత ఎస్‌ఐ రాసిన పంచనామా అబద్ధం అయిపోతుంది. ఆర్పీఎఫ్‌కు 2019 నుంచి ఎన్‌డీపీఎస్ కింద అధికారాలు ఇచ్చారు, 2022 నుంచి ‘ఆపరేషన్ నార్కోస్’ నడుపుతున్నారు. కలిపి కూర్చోబెట్టాల్సిందే.

డిఫెన్స్_డెస్క్:

నేను అవతలి పక్షం. ఎన్‌డీపీఎస్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తాను. అయినా ఈ చర్చలో మనసు విప్పి రాస్తాను, ఎందుకంటే పోలీసులు సరిగ్గా పనిచేస్తే అమాయకుడు కూడా బతుకుతాడు.

కేసు ఫైలు రాగానే నేను మొదట చూసేది తూకం. గంజాయి 20 కిలోలు దాటితేనే కమర్షియల్ క్వాంటిటీ. అప్పుడు శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, బెయిల్‌కు సెక్షన్ 37 అడ్డు. దాటకపోతే కథ వేరు. ప్లాట్‌ఫాం మీద ఏం జరుగుతుంది? ప్యాకెట్లను టేపుతో సహా, కొన్నిసార్లు బ్యాగుతో సహా తూస్తారు. 21 కిలోలు అని రాస్తారు. అందులో బ్రౌన్ టేపు ఎంత, ప్లాస్టిక్ ఎంత? ఇంకో సంగతి. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. ప్యాకెట్ విప్పి లోపల ఏముందో చూసి రాసిన పంచనామాలు నాకు అరుదుగా కనిపిస్తాయి. ఆ ఒక్క పాయింటు మీద బెయిల్ వాదించవచ్చు, వాదిస్తాం.

రెండోది సెక్షన్ 50. ఒంటి మీద సోదా చేసేముందు, దగ్గరలోని గెజిటెడ్ ఆఫీసర్ ముందో మెజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కు నీకుంది అని చెప్పాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, 2010లో జడేజా కేసులో తూచా తప్పకుండా పాటించాలంది. అయినా నోటీసులో "లేక నేనే సోదా చేయనా?" అని మూడో దారి ఇస్తారు. నలుగురికి కలిపి ఒకే నోటీసు ఇస్తారు. ఈ రెండూ చెల్లవని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. బ్యాగుకు సెక్షన్ 50 వర్తించదు, అది 2005లో చెప్పి 2023లో మళ్లీ ఖాయం చేసింది. కాబట్టి సరుకు బ్యాగులో ఉంటే ఒంటి సోదా అవసరమా అని అధికారి ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవాలి.

ఇక పంచనామాలు. ఒకే స్టేషన్‌లో పది కేసులుంటే పదింటిలోనూ అవే వాక్యాలు. "అనుమానాస్పదంగా తచ్చాడుతూ పోలీసులను చూసి పారిపోబోగా..." పేర్లు, తేదీలు మాత్రమే మారతాయి. పంచనామాకు సాక్షి సంతకం పెట్టే మధ్యవర్తులూ వాళ్లే. జడ్జి గారి ముందు నేను ఆ పదీ పక్కపక్కన పెడితే చాలు.

పాత_ఖాకీ:

మధ్యవర్తుల సంగతి మా వైపు నుంచి కూడా వినండి సార్. ప్రయాణికుడు ఆగడు. రైలు వదులుకుని పంచనామాకు సంతకం పెట్టి, మూడేళ్ల తర్వాత కోర్టుకు ఎవరొస్తారు? వీఆర్వో గారి కోసం అర్ధరాత్రి కబురు పెడితే వచ్చేసరికి తెల్లారుతుంది. ఆ మధ్య టైమ్‌లో మనిషినీ సరుకునూ ఎక్కడ పెట్టామన్నది మీరే కోర్టులో అడుగుతారు.

గౌతమి_లాయర్:

2024 జులై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 కింద సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. దానికి ఈ-సాక్ష్య యాప్ ఉంది. మధ్యవర్తి దొరికేదాకా ఏం జరిగిందో కెమెరాలో ఉంటే, ఆ మధ్య టైమ్ మీద అనుమానం తగ్గుతుంది. క్లాసులో నేను దీన్ని చెప్పి వదిలేయను, చేయిస్తాను. ఫోన్ పట్టుకోవాల్సింది సోదా చేసే అధికారి కాదు, వేరే మనిషి. బ్యాగు తెరవకముందే రికార్డింగ్ మొదలవ్వాలి. త్రాసు మీది అంకె వీడియోలో కనిపించాలి. స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ కొన్నాళ్లకు దానంతట అదే చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే లెటర్ పెట్టాలి, సర్టిఫికెట్ తీసుకోవాలి.

శాంపిల్ విషయంలో పాత అలవాటు ఇంకా పోలేదు. ప్లాట్‌ఫాం మీదే శాంపిల్ తీసి కవర్లో పెట్టేస్తున్నారు. 2022 డిసెంబర్ రూల్స్ ప్రకారం మెజిస్ట్రేట్ ముందు తీయాలి, గంజాయి అయితే 24 గ్రాముల చొప్పున రెండు. స్టేషన్‌లో చేయాల్సింది తూచడం, సీల్ వేయడం, మాల్‌ఖానాకు (స్వాధీనం చేసిన సరుకు భద్రపరిచే గదికి) చేర్చడం. సీల్ ఎవరి దగ్గరుంది, ఏ గంటకు చేరింది అన్నది రిజిస్టర్లో ఎక్కాలి. అరెస్టు, స్వాధీనం గురించి పై అధికారికి 48 గంటల్లో రిపోర్టు పంపాలి, అది సెక్షన్ 57.

జాగిలం_జత:

డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌ని. మా మాట కూడా రెండు ముక్కలు.

కుక్క వస్తే అంతా తేలిపోతుందని ఆఫీసర్లు అనుకుంటారు. వేసవిలో విజయవాడ ప్లాట్‌ఫాం మీద మధ్యాహ్నం నడిపిస్తే దాని కాళ్లు కాలతాయి, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు. కాసేపు పని, కాసేపు నీడ, నీళ్లు ఇవ్వాలి. రైలు వచ్చిన ప్రతిసారీ "ఒకసారి తిప్పండి" అంటే గంటలో అలసిపోతుంది. ఆ తర్వాత అది వాసన పట్టినట్టు సూచనగా కూర్చోలేదంటే సరుకు లేదని కాదు.

ఇంకా ముఖ్యమైనది హ్యాండ్లర్ మనసు. ఫలానా బ్యాగులో ఉందని మాకు ముందే చెప్పకండి. మేం ఆ బ్యాగు దగ్గర ఒక అడుగు ఆగినా, తాడు కొంచెం బిగించినా కుక్క అర్థం చేసుకుంటుంది, మమ్మల్ని సంతోషపెట్టడానికి కూర్చుంటుంది. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌వాళ్లు 18 జట్లతో పరీక్ష పెట్టారు. ఎక్కడా డ్రగ్స్ పెట్టలేదు. ఉన్నాయని హ్యాండ్లర్లను నమ్మించారు. 200కు పైగా తప్పుడు సూచనలొచ్చాయి. అందుకే శిక్షణలో ఖాళీ బ్యాగుల వరస కూడా పెట్టాలి. ఏమీ లేనిచోట కుక్క ఏమీ చెప్పకుండా నడిచిపోతే దాన్ని మెచ్చుకోవాలి.

నిత్య_ప్రయాణికురాలు:

మీరంతా కోర్టు గురించి మాట్లాడుతున్నారు. నేను ప్రయాణికుల వైపు మాట చెప్తాను. ఒక పెద్ద స్టేషన్‌లో మా తమ్ముణ్ని ఆపారు. జుట్టు పెంచాడు, చెవికి పోగుంది, అరకు నుంచి వస్తున్నాడు. బ్యాగులో బట్టలన్నీ ప్లాట్‌ఫాం మీద పరిచారు. ఏమీ దొరకలేదు. "సరే పో" అన్నారు. వాడి రైలు వెళ్లిపోయింది. ఎందుకు ఆపారో చెప్పలేదు, సారీ లేదు. వాడిప్పుడు యూనిఫాం చూస్తే ముడుచుకుపోతాడు. రేపు పక్క సీట్లో నిజంగా గంజాయి బ్యాగు కనిపించినా ఫోన్ చేస్తాడా? మీ క్లాసులో ఇది కూడా పెట్టండి.

డల్లాస్_తెలుగు:

అక్కా, మీరు చెప్పిందే ఇక్కడ అమెరికాలో పెద్ద వివాదమైంది. ఎయిర్‌పోర్టులు, బస్ స్టేషన్లలో ప్రయాణికుణ్ని ఆపి, "మీ బ్యాగు చూడొచ్చా?" అని అనుమతి అడిగి వెతకడం డీఈఏకు (ఇక్కడి కేంద్ర మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు) చాలా ఏళ్ల పద్ధతి. దీనికోసం ‘జెట్‌వే’ అని ప్రత్యేక శిక్షణ కూడా నడిపారు. 2024 నవంబర్‌లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక హెచ్చరిక నివేదిక ఇచ్చారు. ఈ తనిఖీల శిక్షణను 2023లోనే ఆపేశారని, శిక్షణ లేకుండానే తనిఖీలు కొనసాగుతున్నాయని, ఎవర్ని ఎందుకు ఆపారో సరిగా నమోదు చేయడం లేదని అందులో ఉంది. ఒక విమానసంస్థ ఉద్యోగి ప్రయాణికుల వివరాలు అందిస్తూ, పట్టుబడిన డబ్బులో వాటా తీసుకుంటున్నాడని కూడా బయటపడింది. వెంటనే డిప్యూటీ అటార్నీ జనరల్ ఆ తరహా తనిఖీలను ఆపించారు.

బస్సుల గురించి మా టెక్సస్ కేసు ఒకటుంది. బోర్డర్ పెట్రోల్ అధికారి పై అరలో ఉన్న మెత్తటి సంచిని చేత్తో నొక్కి చూశాడు, లోపల మెత్ (మెథాంఫెటమైన్ అనే మత్తుమందు) ఇటుక తగిలింది. సరుకు నిజంగానే ఉంది. అయినా అలా నొక్కడమే అక్రమ సోదా అని అమెరికా సుప్రీంకోర్టు 2000లో తేల్చింది.

పాత_ఖాకీ:

బాబూ, ఆ లెక్కన ఇక్కడ చేస్తే మాకు ఒక్క కిలో కూడా దొరకదు. జనరల్ బోగీలో బ్యాగు నొక్కకుండా ఎలా?

గౌతమి_లాయర్:

మన చట్టం వేరు సార్. సెక్షన్ 43 కింద రైలు, బస్సు, ప్లాట్‌ఫాం అన్నీ పబ్లిక్ ప్లేసే, వారంట్ అక్కర్లేదు. కానీ ‘నమ్మడానికి కారణం’ ఉండాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ కారణం అధికారి నోట్‌బుక్‌లో ఒక్క లైనైనా ఉండాలి. "ఒకే రకం బ్యాగులు ముగ్గురు మోశారు, ముగ్గురూ వేర్వేరు బోగీలెక్కారు" అన్నది కారణం. "జుట్టు పెంచాడు, ఏజెన్సీ మనిషిలా ఉన్నాడు" అన్నది కారణం కాదు. క్లాసులో నేను చేయించబోయే అభ్యాసం ఇదే: ఒక వీడియో చూపించి, ఎవర్ని ఆపుతారు, ఎందుకు అని ప్రతివారితో రాయిస్తాను. ‘ఎందుకు’ రాయలేని చోట ఆపకూడదు.

ఆపి ఏమీ దొరకనప్పుడు ఏం మాట్లాడాలో కూడా నేర్పుతాను. బట్టలు మడిచి లోపల పెట్టడం, రైలు తప్పితే తర్వాతి రైలుకు టీసీతో మాట్లాడి ఎక్కించడం పోలీసు పనే. అక్కా, మీ తమ్ముడి సంగతి పేర్లు లేకుండా క్లాసులో చెప్పవచ్చా?

నిత్య_ప్రయాణికురాలు:

చెప్పండి మేడమ్. తప్పకుండా చెప్పండి.

మన్యం_మాస్టారు:

నేను పాడేరు వైపు బడిలో పనిచేస్తాను. ఇంతసేపూ చదివాను. మీరు చెప్పే ‘మనిషి’ చాలాసార్లు మా ఊరివాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

కాఫీ, మిరియాలు, పసుపు ఉన్న ఇల్లు ఈ పనికి తొందరగా పోదు. పోయేది భూమి తక్కువున్న ఇంటి కుర్రాడు, చదువు మధ్యలో ఆపినవాడు. ఎవరో మైదానం నుంచి వస్తారు. బ్యాగు ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మోస్తే కొన్ని వేలు అంటారు. కుర్రాడికి తెలిసింది ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్. ఇచ్చినవాడి అసలు పేరు తెలియదు, తీసుకునేవాడి మొహం తెలియదు. పట్టుబడితే వాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల్లో పెద్ద భాగం ఎన్‌డీపీఎస్ కేసులవాళ్లే. అందులో మా పిల్లలెందరో. కమర్షియల్ క్వాంటిటీ అయితే ఛార్జ్‌షీటుకే 180 రోజుల గడువుంది. చూడటానికి తల్లి కొండ దిగి రావాలంటే ఒక రోజు కూలి పోవాలి, బస్సు చార్జీ అప్పు చేయాలి.

ఆ సెక్షన్ 50 నోటీసు గురించి డిఫెన్స్ లాయర్ గారు రాశారు. అది ఏ భాషలో ఇస్తున్నారు? మా పిల్లల్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. సంతలో మాట్లాడే తెలుగు వాళ్లకు వచ్చుగానీ ‘గెజిటెడ్ అధికారి సమక్షంలో’ అంటే ఏం తెలుస్తుంది? బుర్ర ఊపి వేలిముద్ర వేస్తాడు. మీ శిక్షణలో ఈ భాషలు వచ్చిన కానిస్టేబుళ్లను గుర్తించి పెట్టుకోండి. ఏ స్టేషన్‌లో ఎవరున్నారో ఒక జాబితా ఉంటే అర్ధరాత్రయినా ఫోన్లో హక్కు చెప్పించవచ్చు.

ఇంకొకటి అడుగుతాను. ఒక కుర్రాణ్ని పట్టుకుని ఫొటో దింపి పేపర్లో వేశాక దర్యాప్తు అక్కడే ఎందుకు ఆగిపోతుంది? ఆ బ్యాగు కోసం హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఒకడు ఎదురుచూస్తూ ఉంటాడు కదా. వాణ్ని పట్టుకోవడం కూడా ఈ శిక్షణలో ఉందా?

డిఫెన్స్_డెస్క్:

మాస్టారూ, భాష సంగతి నేనూ కోర్టులో లేవనెత్తాను. హక్కు చెప్పడం అంటే అర్థమయ్యేలా చెప్పడమే. మీరు చెప్పిన జాబితా ఖర్చు లేని పని, దానివల్ల రెండు వైపులా న్యాయం జరుగుతుంది.

గౌతమి_లాయర్:

మాస్టారూ, ఇప్పటిదాకా నా క్లాసులో మీరు అడిగింది లేదు. ఇప్పుడు పెడుతున్నాను.

చట్టంలో దారి ఉంది. సెక్షన్ 50ఏ కింద అనుమతి తీసుకుని, సరుకును పట్టుకోకుండా నిఘాలో ముందుకు పోనిచ్చి, తీసుకునేవాడి దగ్గర పట్టుకోవచ్చు. దీన్ని కంట్రోల్డ్ డెలివరీ అంటారు. దానికి విశాఖ, సికింద్రాబాద్, ముంబయి బృందాలు ఒకేసారి కదలాలి. ప్లాట్‌ఫాం మీది కానిస్టేబుల్ దాన్ని నడపలేడు. కానీ దాన్ని చెడగొట్టకుండా ఉండగలడు: పట్టుకోగానే మీడియాకు ఫొటోలివ్వకుండా, కుర్రాడి ఫోన్ స్విచాఫ్ చేయకుండా వెంటనే రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ టీమ్‌కు చెప్పాలి. ఆంధ్రలో 2024 చివర్లో ఈగల్ ఏర్పడింది, తెలంగాణలో నార్కోటిక్స్ బ్యూరో పేరు 2025లో ఈగల్‌గా మారింది. రెండు రాష్ట్రాల టీమ్‌ల మధ్య ఫోన్ నంబర్లు కిందిస్థాయి దాకా రావాలి.

డబ్బు దారి కూడా. కుర్రాడికి టికెట్ ఎవరు కొన్నారు, ఏ ఖాతా నుంచి యూపీఐ వచ్చింది? అక్కడి నుంచి పైకి వెళ్తే సెక్షన్ 68ఎఫ్ కింద ఆస్తులు ఫ్రీజ్ చేయొచ్చు. ఇంకో సంగతి, ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కుర్రాణ్ని బెదిరించి రాయించుకున్న నాలుగు పేజీల వల్ల ఒరిగేదేమీ లేదు. కాల్ రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ కోర్టులో మాట్లాడతాయి.

హెచ్‌సీ_అమ్మ:

మహిళా హెడ్ కానిస్టేబుల్‌ని. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలని సెక్షన్ 50లో ఉంది. రాత్రి డ్యూటీలో చాలా ఔట్‌పోస్టుల్లో ఒక్క మహిళా సిబ్బంది కూడా ఉండరు. మోయించేవాళ్లకు ఇది తెలుసు. చంకలో పిల్లతో ఉన్న ఆడమనిషి చేతికే బ్యాగు ఇస్తారు. పట్టుబడితే ఆ పిల్ల ఏమవ్వాలి? పాలు ఎవరు పడతారు? అరెస్టు కన్నా ముందు శిశు సంక్షేమ కమిటీకి ఫోన్ చేయడం నేర్పండి మేడమ్. డ్యూటీ రోస్టర్ వేసే సీఐలను కూడా ఈ శిక్షణకు రప్పించండి, లేకపోతే మేం నేర్చుకున్నది ఎవరితో చేయాలి?

పల్లెవెలుగు_కండక్టర్:

ఆర్టీసీలో కండక్టర్‌ని. ఏజెన్సీ బస్సులో రోజూ ఎక్కేవాళ్లు ఎవరో, ఏ మూటలో ఏముంటుందో మాకు ముఖం చూస్తే తెలుస్తుంది. చింతపండు మూటకు లగేజీ టికెట్ కొట్టమంటే గొడవ పెట్టుకునే ఊళ్లో, కొత్త మనిషి అడిగినంతా ఇచ్చేసి బ్యాగును డిక్కీలో వేసి తాను ముందుకెళ్లి కూర్చుంటే మాకు అనుమానం వస్తుంది. కానీ చెప్పాలంటే భయం. చెబితే మమ్మల్నే సాక్షిగా రాసి కోర్టుల చుట్టూ తిప్పుతారు, బస్సు ఆపేస్తే ట్రిప్పు పోయిందని డిపోలో మాట పడాలి. పోలీసుల శిక్షణలో ఒక గంట మాకూ, కార్గో కౌంటర్ వాళ్లకూ ఇవ్వండి. చెప్పినవాడి పేరు బయటికి రాదని పెద్దాఫీసరు మా ఎదురుగా చెప్పాలి. ఎవరికి ఫోన్ చేయాలో కూడా.

గౌతమి_లాయర్:

అన్నా, ఆ గంట ఖాయం, డిపో మేనేజర్‌కు లెటర్ పెట్టిస్తాను. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని ఎవరూ ఒత్తిడి చేయకూడదని చట్టంలోనే ఉంది, సెక్షన్ 68. ఫోన్ చేయాల్సింది ఆంధ్రలో 1972, తెలంగాణలో 1908. దేశంలో ఎక్కడి నుంచైనా 1933. రైల్లో ఉంటే 139.

జాగిలం_జత:

మేడమ్, ఖాళీ బ్యాగుల వరసకు మా యూనిట్ నుంచి కుక్కను తెస్తాను, పైవాళ్ల పర్మిషన్ మీరు రాయించండి. ఎండ ఎక్కకముందు, ఉదయం ఏడింటికి పెట్టండి. బ్యాగులు కనీసం ఇరవై కావాలి, వేర్వేరు ఇళ్ల నుంచి తెచ్చినవి. కొత్తవి కొనకండి, షాపు వాసన ఉంటుంది.